ఎంతసేపు? (సినిమా, యానిమేషన్, ప్రదర్శన కళలు చదవబోయే విద్యార్థులకి ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, చాపల మీద ఇంకా చోటుంది.

ఈ ఏడాది ఫైన్ ఆర్ట్స్‌లో చేరిన పిల్లలకి, వాళ్ళని దిగబెట్టడానికి వచ్చిన అమ్మానాన్నలకి టైమ్ బేస్డ్ ఆర్ట్ అంటే ఏమిటో చెప్పమన్నారు. దాన్ని సినిమా, యానిమేషన్, ప్రదర్శన ఈ మూడింటి ద్వారా ఎందుకు చదవాలో కూడా చెప్పమన్నారు. సూటిగానే మొదలుపెడతాను.

గోడ మీద ఒక పెయింటింగ్ ఉందనుకోండి. దాని ముందు ఐదు సెకన్లు ఆగుతారా, అరగంట నిలబడిపోతారా అన్నది మీ ఇష్టం, పెయింటరు మిమ్మల్ని పట్టి ఆపలేడు. అదే సినిమా అయితే, నాటకం అయితే, మీరు వచ్చి కూర్చున్న క్షణం నుంచి మీ సమయం వాళ్ళ చేతుల్లోకి వెళ్ళిపోతుంది. ఏది ముందు చూడాలి, ఏది తర్వాత చూడాలి, ఏ మొహం దగ్గర ఎంతసేపు ఆగాలి, ఎక్కడ మిమ్మల్ని ఊపిరి తీసుకోనివ్వాలి, ఇదంతా వాళ్ళే నిర్ణయిస్తారు. చూసేవాళ్ళ సమయాన్ని ఇలా చేతిలోకి తీసుకునే కళనే టైమ్ బేస్డ్ ఆర్ట్ అంటారు. అందుకని ఈ కళల్లో చదువంటే నా దృష్టిలో ఒకే ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పడం నేర్చుకోవడం. ఎంతసేపు? బొమ్మ బాగా గీశావు, సరే, ఎంతసేపు ఉంచుతావు? డైలాగ్ బాగుంది, దాని తర్వాత ఎంతసేపు మాట్లాడకుండా ఉంటావు? ఈ నాలుగేళ్ళలో మేం మిమ్మల్ని అడిగి అడిగి విసిగించే ప్రశ్న ఇదే.

మూడూ కలిపి ఎందుకు చదవాలంటే, కాలం మీద పెత్తనం ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటుంది. మన పద్యనాటకం తీసుకోండి. కడప జిల్లాలో సురభి అనే ఊళ్ళో 1885లో కీచక వధ ఆడారు, అక్కడి నుంచి మొదలైంది సురభి నాటక కుటుంబాల చరిత్ర. పద్యనాటకం చూసిన పెద్దవాళ్ళు ఇక్కడ ఉంటే వాళ్ళకి బాగా తెలుసు, నటుడు పద్యం ఎత్తుకుని చివర్లో రాగం తీసి ముగించాడంటే జనంలోంచి "వన్స్ మోర్" అని అరుపు వస్తుంది. అంతే, కథ అక్కడే ఆగిపోతుంది. కృష్ణుడు రాయబారానికి వచ్చి ఉన్నా సరే, యుద్ధం ముంచుకొస్తున్నా సరే, ఆ పద్యం మళ్ళీ పాడాల్సిందే. రెండోసారి పాడేటప్పుడు అదే పద్యాన్ని అదే కొలతలో పాడడు, జనానికి ఏ మాట దగ్గర ఒళ్ళు పులకరించిందో మొదటిసారే కనిపెట్టి ఉంటాడు, ఆ మాట మీద ఇంకాస్త ఎక్కువసేపు నిలుస్తాడు. కాబట్టి ఆ రాత్రి నాటకం ఎన్ని గంటలు అన్నది రాసినాయన చేతిలో లేదు, ఆడేవాడి చేతిలో పూర్తిగా లేదు, చూసేవాళ్ళ చేతిలోనూ పూర్తిగా లేదు. అందరూ కలిసి అప్పటికప్పుడు తేల్చుకుంటారు.

ఇప్పుడు 1932కి రండి. మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద వచ్చిన ఏడాది. హెచ్.ఎం.రెడ్డి గారు తీసిన ఆ సినిమాకి ఆధారం సురభి వాళ్ళు ఆడుతున్న నాటకమే, అందులో నటించిన సురభి కమలాబాయి గారు ఆ రంగస్థలం నుంచి వచ్చినావిడే. అవే పద్యాలు, అదే తరహా నటన. కానీ ఒక్కటి మారిపోయింది. హాల్లో ఎంతమంది ఎంత గట్టిగా వన్స్ మోర్ అన్నా తెర మీద మనిషికి వినపడదు. ఆపరేటరు దయతలచి రీలు వెనక్కి తిప్పి మళ్ళీ వేసినా అదే పాట అదే ఊపిరితో వస్తుంది, వెంట్రుకవాసి కూడా మారదు. నాకు ఇది చాలా పెద్ద విషయంగా అనిపిస్తుంది. అప్పటిదాకా జనం మొహాలు చూసి కాలాన్ని సాగదీసుకుంటూ, కుదించుకుంటూ బతికిన నటులు మొదటిసారి ఎదురుగా ఎవరూ లేకుండా, ముందే ఎంతసేపో అనుకుని ఆడాల్సి వచ్చింది. సినిమా చరిత్ర చెప్పేటప్పుడు మాటలు వచ్చాయి, పాటలు వచ్చాయి అని చెప్తాం గానీ, ఈ మార్పు గురించి ఎవరూ మాట్లాడరు.

సరే, సినిమాలో కాలాన్ని ఎలా కొలుస్తారో చూద్దాం. 1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు టికెట్టు పెట్టి చూపించిన చిన్న చిత్రాలు ఒక్కొక్కటీ నిమిషం కూడా లేవు, యాభై సెకన్ల చుట్టుపక్కల. మరుసటి ఏడాది జులై 7న బొంబాయి వాట్సన్ హోటల్లోనూ చూపించారు. ఆ రోజుల్లో కెమెరాని చేత్తో తిప్పేవాళ్ళు. సెకనుకి 16 ఫ్రేములు, అంటే ఫిల్ము మీద 16 విడి బొమ్మలు, అని ఒక అంచనా ఉండేది గానీ, తిప్పే మనిషి చెయ్యి ఎలా ఆడితే అలా. అంటే మూకీ సినిమాలో కాలానికి కూడా ఒక మనిషి చేతివాటం ఉండేది. మాట వచ్చాక అది చెల్లలేదు. గొంతుని ఫిల్ము అంచున ఒక గీతలా ముద్రించారు కాబట్టి వేగం కొంచెం అటూ ఇటూ అయినా గొంతు కీచుగానో, బొంగురుగానో మారిపోతుంది. అందుకే సెకనుకి 24 ఫ్రేములు అని ఖాయం చేశారు. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకి 16 ఫ్రేములు, లెక్క కట్టండి, నిమిషానికి 90 అడుగులు. వెయ్యి అడుగుల రోలు వేస్తే పదకొండు నిమిషాలు. మన పాతతరం దర్శకులు సినిమా నిడివిని గంటల్లో కాకుండా అడుగుల్లో చెప్పేది ఇందుకే.

ఈ లెక్కని మన దగ్గర ఎంత సీరియస్‌గా పట్టించుకున్నారో చెప్పాలంటే కె.వి.రెడ్డి గారి పేరు చెప్పాలి. మాయాబజార్, 1957. మీరంతా చూసే ఉంటారు, లేకపోతే ఈ ఆదివారం చూడండి. షూటింగ్‌కి ముందు నటులందరి చేతా రిహార్సల్స్ చేయించి, వాళ్ళు డైలాగులు చెప్తుంటే ఆయన స్టాప్‌వాచ్ పట్టుకుని ఏ సన్నివేశానికి ఎంత సమయం పడుతోందో రాసుకునేవారు, పాటలతో సహా. అలా కెమెరా తిరగకముందే మొత్తం సినిమా ఎంతసేపు ఉంటుందో తేల్చుకునేవారు. ముడి ఫిల్ము ఖరీదైన సరుకు కాబట్టి పొదుపు అనుకోవచ్చు, పొదుపు కూడా ఉంది. కానీ ఆ సినిమాలో ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో ఉన్న సన్నివేశాలు చూడండి. ఆడపిల్ల నడకలోంచి రాక్షసుడి విసురు ఒక్క క్షణం బయటపడి మళ్ళీ లోపలికి వెళ్ళిపోతుంది. ఆ విసురు ఇంకొంచెం ఎక్కువసేపు ఉంటే అతి అయిపోయేది, ఇంకొంచెం తక్కువైతే మనకి అందేదే కాదు. సావిత్రి గారి ప్రతిభ అది, అందులో అనుమానం లేదు. ఆ ప్రతిభకి సరిపడా చోటు ముందే కొలిచి పెట్టిన మనిషి ఒకరు ఉన్నారని మనం గుర్తించాలి. మా విద్యార్థులకి నేను ఆ సన్నివేశాలు వేసి, కథ సంగతి మర్చిపొమ్మని చెప్పి, ఒక్కో షాట్ ఎన్ని సెకన్లో రాయమంటాను. మొదట్లో చిరాకు పడతారు. సగంలోకి వచ్చేసరికి వాళ్ళంతట వాళ్ళే "ఇది ఇక్కడ కట్ చేస్తే పోయేది మేడమ్" అంటారు.

ఇక యానిమేషన్. ఇక్కడ పెత్తనం పూర్తిగా గీసేవాడిదే. నటుడి ఊపిరి లేదు, జనం అరుపు లేదు, కెమెరా ముందు గాలి కూడా వీచదు. సెకనుకి 24 ఫ్రేములు, సాధారణంగా ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములకి వాడతాం కాబట్టి సెకనుకి 12 బొమ్మలు. దీన్నే టూస్ మీద చేయడం అంటారు. కనురెప్ప వేయాలన్నా నువ్వు వేస్తేనే పడుతుంది. ఇంత అధికారం చేతికొస్తే కొత్తవాళ్ళు చేసే మొదటి పని ఏమిటంటే అన్నిటినీ కదిలించేయడం.

మొదటి సెమిస్టర్లో ఒక పని ఇస్తాం, నేల మీద కూర్చున్న మనిషి పైకి లేవాలి. ఒకబ్బాయి చేసుకొచ్చాడు, సాఫ్ట్‌వేర్లో, సరిగ్గా ఒక సెకను, వెన్నలా సాఫీగా లేచి నిలబడింది బొమ్మ. ఎవరు బాబూ ఈ మనిషి అని అడిగాను. మా నాయనమ్మ మేడమ్ అన్నాడు. అయితే ఇంటికెళ్ళి నాయనమ్మని అడిగి, ఆవిడ లేస్తుంటే ఫోన్లో తీసి, ఒక్కో ఫ్రేము ఆపి చూసి రా అన్నాను. వాడు చూసుకొచ్చింది వినండి. ముందు ఆవిడ కళ్ళు పక్కన గోడ ఎంత దూరంలో ఉందో చూసుకున్నాయి. కుడి అరచెయ్యి నేలకి ఆనింది. ఆ తర్వాత దాదాపు సెకను పాటు ఏమీ జరగలేదు, కదలికే లేదు. అప్పుడు ఎడమ మోకాలు పైకి లేచింది, చెయ్యి దాని మీదకి వచ్చింది, నడుము లేచింది, అక్కడ మళ్ళీ ఆగింది. సగం వంగిన మనిషి తొడ మీద చెయ్యి పెట్టుకుని, తల ఇంకా దించుకునే ఉంది. భుజాలు ఒకసారి పైకెళ్ళి దిగాయి, ఊపిరి తీసుకుంది. ఆ తర్వాత వీపు నిటారుగా అయింది, చివరికి కుచ్చిళ్ళు సర్దుకుంది. మొత్తం ఏడు సెకన్లు, అందులో సగానికి పైగా ఆవిడ కదలకుండా ఉన్న సమయమే. ఏడు సెకన్లంటే టూస్ మీద 84 బొమ్మలు పట్టాలి, ఆగిన చోట్ల ఒకే బొమ్మని నిలబెట్టాడు కాబట్టి నలభై లోపే సరిపోయాయి. తక్కువ బొమ్మలు, ఎక్కువ సమయం. క్లాసులో వేసి చూపిస్తే ఎవరూ చెప్పకుండానే అందరికీ అర్థమైంది, లేస్తున్నది ముసలావిడ అని, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయని, ఇంట్లో ఎవరినీ చెయ్యి అందించమని అడగని మనిషి అని కూడా. ముడతలు గీయలేదు, తెల్లజుట్టు గీయలేదు. ఆవిడ వయసంతా ఆ ఆగిన చోట్ల ఉంది.

ఇలా బొమ్మని ఆపి ఉంచడాన్ని యానిమేషన్లో హోల్డ్ అంటారు. ఈ మాట వచ్చింది కాబట్టి నాకు ప్రాణమైన విషయంలోకి వెళ్తాను, కొంచెం ఎక్కువసేపే మాట్లాడతాను.

తోలుబొమ్మలాట. సినిమా, యానిమేషన్, ప్రదర్శన మూడూ ఒకే తెర మీద చదువుకోవాలంటే ఇంతకంటే మంచి చోటు నాకు తెలీదు. తెర ఉంది, వెనక దీపం ఉంది, కాబట్టి సినిమా. నడుము దగ్గర, భుజం దగ్గర, మోచేతి దగ్గర, మోకాలి దగ్గర కీళ్ళు పెట్టిన బొమ్మ ఉంది, కాబట్టి యానిమేషన్. మనుషులు అక్కడికక్కడే పాడుతూ, మాట్లాడుతూ, ఆడిస్తున్నారు, కాబట్టి ప్రదర్శన. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అనే ఊరుంది. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఊళ్ళో ఇప్పటికీ మేక తోలుతో బొమ్మలు చేస్తారు, రెండు వైపులా రంగులు వేస్తారు, నగల చోట, అంచుల వెంట సన్నటి రంధ్రాలు కొడతారు, దీపం వెలుతురు వాటిలోంచి చుక్కలు చుక్కలుగా వస్తుంది. ఇప్పుడు చాలామంది వాళ్ళ దగ్గర దీపపు షేడ్లుగా కొనుక్కుని ఇంట్లో పెట్టుకుంటున్నారు. కొనండి, వాళ్ళకి తిండి పెడుతున్నది అదే. కానీ ఆ బొమ్మ ఆడడానికి పుట్టిన బొమ్మ.

ఎవరైనా ఆడిస్తుంటే తెర వెనక్కి వెళ్ళి చూడండి. మనం అనుకున్నంతగా బొమ్మలు కదలవు. సభలో రాముడు ఊరికే నిలబడి ఉండాలనుకోండి, ఆ బొమ్మని ఈత ముల్లుతో తెరకి గుచ్చి వదిలేస్తారు. అది హోల్డ్. అచ్చంగా మనం కంప్యూటర్ మీద చేసేదే. రాముడు కదలడు, కానీ సన్నివేశం ఆగదు, ఎందుకంటే పాట నడుస్తోంది, మద్దెల నడుస్తోంది, తాళాలు నడుస్తున్నాయి, పక్కన హనుమంతుడి చెయ్యి ఆడుతోంది. మన కన్ను కదిలే చేతి మీద ఉంటుంది, చెవి పాట మీద ఉంటుంది, మధ్యలో కదలని రాముడు కూడా బతికే ఉన్నాడనిపిస్తుంది. టీవీ కార్టూన్లలో ఖర్చు తగ్గించడానికి ఒంటిని ఆపి ఒక్క నోటినే కదిలించే పద్ధతిని స్టూడియోల్లో ఒక కిటుకుగా నేర్పుతారు. ఆ కిటుకు మన పల్లెల్లో రాత్రంతా ఆడే ఆటలో ఎప్పటి నుంచో ఉంది.

యుద్ధం వచ్చినప్పుడు చూడాలి ఇంక. ఆడించేవాళ్ళు కాళ్ళ కింద చెక్కలు పెట్టుకుని దబదబా తొక్కుతారు, కాళ్ళకి గజ్జెలు ఉంటాయి, గుర్రాల పరుగూ రథాల చప్పుడూ ఆ కాళ్ళలోంచే వస్తాయి. చేతులు బొమ్మని ఆడిస్తున్నాయి, నోరు పాడుతోంది, కాళ్ళు చప్పుడు చేస్తున్నాయి. కదలికకి సరిగ్గా చప్పుడు కలపడం, సింక్ సౌండ్ అని మనం కష్టపడి నేర్చుకునేదాన్ని ఒకే శరీరం చేసేస్తోంది. రావణుడి బొమ్మని తెరకి ఆనిస్తే గీతలు పదునుగా ఉంటాయి, కొంచెం వెనక్కి లాగితే నీడ మసకబారి పెద్దదవుతుంది, ఇంకా లాగితే కరిగిపోతుంది. సినిమావాళ్ళు ఫేడ్ అవుట్ అనేది ఇదే. ఎంతసేపట్లో కరగాలి అన్నది ఆ మణికట్టుకి తెలుసు. మధ్యమధ్యలో బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, మోటు మాటలు మాట్లాడతారు. వాళ్ళు కథలో వాళ్ళు కారు. మరి ఎందుకొస్తారంటే అర్ధరాత్రి దాటాక జనానికి కునుకు పడుతుంది కదా, లేపాలి. తర్వాతి ఘట్టానికి బొమ్మలు సర్దుకునే వీలూ దొరుకుతుంది. ఎప్పుడు పంపాలి, ఎంతసేపు ఉంచాలి అని ఎక్కడా రాసి ఉండదు. చూసేవాళ్ళ వాలకాన్ని బట్టి తెర వెనక నుంచే నిర్ణయిస్తారు.

ఇప్పుడు దీని పక్కన ఇంకొకటి పెట్టి చూడండి. జర్మనీలో లొట్టె రైనిగర్ అనే ఆవిడ కత్తెరతో నల్ల కాగితపు బొమ్మలు కత్తిరించి, కీళ్ళ దగ్గర సన్న తీగతో కట్టి, వెలుగుతున్న గాజు బల్ల మీద పరిచి, పై నుంచి కెమెరాతో ఒక్కో ఫ్రేమూ తీసింది. మూడేళ్ళు పట్టింది. 1926లో విడుదలైన ఆ యువరాజు అహ్మద్ కథ ఇప్పటికీ మిగిలి ఉన్న యానిమేషన్ కథాచిత్రాల్లో అన్నిటికంటే పాతది. బొమ్మ అదే తరహా, కీలు అదే, వెనక వెలుతురు అదే. నిమ్మలకుంట బొమ్మ చెయ్యి ఎత్తడానికి ఒక క్షణం చాలు, రైనిగర్ బొమ్మ చెయ్యి ఎత్తడానికి పూట గడిచిపోవచ్చు. చూసేవాడికి మాత్రం రెండూ ఒక క్షణమే. చేసేవాడి కాలం, చూసేవాడి కాలం, ఈ రెండింటి మధ్య దూరమే యానిమేషన్ అని నేను అనుకుంటాను. తోలుబొమ్మలాటలో ఆ దూరం సున్నా. అందుకే రెండూ పక్కపక్కనే చూడకపోతే రెండూ సగమే అర్థమవుతాయి.

ఆ దూరం ఇంకా పెరిగితే ఏమవుతుందో చూపించడానికి ఇద్దరి గురించి చెప్తాను. ఒకరు మన దాదాసాహెబ్ ఫాల్కే. 1913 నాటి రాజా హరిశ్చంద్రకి ముందు ఆయన లండన్ వెళ్ళి కెమెరా తెచ్చుకుని, పెట్టుబడి పెట్టేవాళ్ళకి నమ్మకం కలగడానికి ఒక చిన్న చిత్రం తీశారు. కుండీలో బఠానీ గింజ మొలకెత్తి తీగయ్యేదాకా అదే చోటు నుంచి ఆగి ఆగి తీయడం. నెలకి పైగా పట్టిందని, నిమిషం పైచిలుకు చిత్రం వచ్చిందని, రోజుకి ఒక్క ఫ్రేము తీశారని రాస్తుంటారు. మా పిల్లలకి ఇక్కడే ఒక లెక్క ఇస్తాను. సెకనుకి 16 ఫ్రేములంటే నిమిషానికి 960. రోజుకి ఒక్కటే తీస్తే నెలకి ముప్పై, అంటే రెండు సెకన్లు కూడా రాదు. నిమిషం రావాలంటే రోజుకి 32 ఫ్రేములు, రాత్రనక పగలనక ముప్పావుగంటకి ఒకటి తీయాలి. కాబట్టి ఆ మూడు మాటలూ ఒకేసారి నిజం కాలేవు. ఇలా లెక్క కట్టి చూడటం కూడా మన చదువులో భాగమే, ఎందుకంటే ఫ్రేములు లెక్కపెడితే మనిషి ఎన్నిసార్లు కెమెరా దగ్గరికి నడిచి ఉంటాడో మన ఒంటికి తెలుస్తుంది. ఆ బఠానీ తీగ వెనక నిద్ర మానుకున్న ఒక మనిషి ఉన్నాడు.

రెండో ఆయన తేచింగ్ షే. తైవాన్‌లో పుట్టి న్యూయార్క్ చేరిన పర్ఫార్మెన్స్ ఆర్టిస్టు, అంటే తను చేసే పనినే కళగా చూపించే మనిషి. 1980 ఏప్రిల్ 11 నుంచి 1981 ఏప్రిల్ 11 దాకా, తన గదిలో ఫ్యాక్టరీ గేటు దగ్గర పనివాళ్ళు హాజరు వేసుకునేలాంటి టైమ్ క్లాక్ పెట్టుకుని గంటకి ఒకసారి కార్డు పంచ్ చేశాడు. పగలూ రాత్రీ, ఏడాది పొడుగునా. ఆలోచించండి, గంటకి మించి నిద్ర లేదు, గంటలో తిరిగి రాలేనంత దూరం ఎక్కడికీ వెళ్ళలేడు. ఏడాదికి 8,760 గంటలు. అందులో 133 సార్లు తప్పింది, ఎందుకు తప్పిందో కూడా లెక్క ఉంది, 94 సార్లు నిద్రపట్టేసి, 29 సార్లు ఆలస్యమై, 10 సార్లు తొందరపడి. పంచ్ చేసిన ప్రతిసారీ 16 ఎంఎం కెమెరాతో తన ఫోటో ఒక్క ఫ్రేము తీసుకున్నాడు. మొదటి రోజు గుండు కొట్టించుకున్నాడు. మిగిలిన 8,627 ఫ్రేములని మామూలు వేగంతో నడిపితే సుమారు ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాల్లో ఒక మనిషి వణుకుతున్నట్టు నిలబడి ఉంటాడు, అతని జుట్టు బఠానీ తీగలాగే పెరుగుతూ ఉంటుంది. ఇది పర్ఫార్మెన్సా, సినిమానా, యానిమేషనా? మూడూ. అందుకే పరీక్షలో మూడు వేర్వేరు పేపర్లుగా వీటిని చదివిస్తే నాకు బాధగా ఉంటుంది.

ఈ మధ్యలో కూచిపూడిని మర్చిపోకూడదు. భామాకలాపంలో సత్యభామ ప్రవేశం గుర్తుంది కదా. ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటారు. తెర మీంచి ఆవిడ జడ ఇవతలికి వేస్తుంది. మొహం కనపడదు. తెర కింద గజ్జెల కాళ్ళు, పైన జడ, పాట నడుస్తూనే ఉంటుంది. చూపించడం ఎంత ఆలస్యం చేస్తే అంత బాగుంటుందని తెలిసిన కళ అది. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామ వేషం కట్టి ఆ తెర వెనక నిలబడితే జనం ఎలా కళ్ళప్పగించి చూసేవాళ్ళో పెద్దవాళ్ళని అడగండి, చెప్తారు. ఎడిటింగ్ నేర్చుకునేవాళ్ళు ఈ ప్రవేశాన్ని ఒక్కసారైనా వేదిక ముందు కూర్చుని చూడాలి, యూట్యూబ్‌లో చూస్తే చాలదు, ఎందుకంటే అక్కడ మీరు ముందుకి జరిపేస్తారు.

నా మాటలు ఇంతే, ప్రశ్నలుంటే అడగండి.

(ఒక తండ్రి: మేడమ్, మా అమ్మాయి యానిమేషన్ అంటోంది. ఈ తోలుబొమ్మలు, నాటకాలు చదివితే ఉద్యోగం వస్తుందా?)

మీరు అడగడం న్యాయమే, ఫీజులు కట్టేది మీరు. హైదరాబాద్‌లో యానిమేషన్ స్టూడియోలు, విఎఫ్ఎక్స్ అంటే కంప్యూటర్‌తో సినిమా దృశ్యాలు తయారుచేసే స్టూడియోలు ఉన్నాయి, సినిమాలకి, బయటి దేశాల వాళ్ళకి కూడా పని చేస్తున్నాయి. అక్కడ చేరాలంటే సాఫ్ట్‌వేర్ రావాలి, అది మేం నేర్పుతాం, నేర్పకుండా వదలం. అయితే సాఫ్ట్‌వేర్లు మారుతుంటాయి, రెండు బొమ్మల మధ్య ఫ్రేములు నింపే పని ఇప్పుడు కంప్యూటరే చాలావరకు చేసేస్తోంది. ఎక్కడ ఆపాలో, ఎంతసేపు ఆపాలో మాత్రం అది మీ అమ్మాయిని అడగాల్సిందే. ఆ జవాబు చెప్పగలిగేలా తయారుచేయడానికే ఈ తిరుగుడంతా. ఉద్యోగం ఖాయం అని ఎవరైనా చెప్తే నమ్మకండి సార్, మేం కూడా చెప్పం. పని వచ్చిన పిల్లగా బయటికి పంపుతాం, అది చెప్పగలం.

(ఒక విద్యార్థి: మేం సిరీస్‌లన్నీ 1.5 స్పీడ్‌లో చూస్తాం మేడమ్. అది తప్పంటారా?)

తప్పు అనను. నీ టైమ్ నీది. కానీ ఒక సంగతి చెప్తాను, నీకు సరదాగా ఉంటుంది. సెకనుకి 16 ఫ్రేముల లెక్కన తీసిన పాత మూకీ సినిమాని 24 మీద వేస్తే మనుషులు గబగబా పరిగెడుతున్నట్టు ఉంటారు కదా, అది సరిగ్గా ఒకటిన్నర రెట్లు. అలా చూసీ చూసీ ఆ కాలంలో జనం అలాగే నడిచేవాళ్ళన్నట్టు అయిపోయింది. అందులో ఏడ్చే సీన్ కూడా నవ్వు తెప్పిస్తుంది. నువ్వు చూసే సిరీస్‌లో డైలాగులు 1.5లో కూడా అర్థమవుతాయి, కథ అర్థమవుతుంది. ఒకరు మాట్లాడాక ఇంకొకరు జవాబు చెప్పేలోపు ఉన్న ఖాళీ మాత్రం కోతపడిపోతుంది. ఒక పని చెయ్యి. నీకు బాగా నచ్చిన ఒక్క సీన్ తీసుకుని రెండు వేగాల్లోనూ చూసి, ఎవరి మీద నీ అభిప్రాయం మారిందో రాసుకుని రా. మనం క్లాసులో మాట్లాడుకుందాం.

(ఇంకో విద్యార్థిని: మాకు ఇంకా డ్రాయింగ్ కూడా సరిగ్గా రాదు మేడమ్. ఎక్కడ మొదలుపెట్టాలి?)

డ్రాయింగ్ వస్తుందమ్మా, చేయగా చేయగా వస్తుంది, దాని గురించి టెన్షన్ పెట్టుకోకు. ముందు చూడటం మొదలుపెట్టు. బస్టాపులో, వంటింట్లో, టీ బండి దగ్గర. టీ బండి మాస్టారు పై నుంచి టీ పోసేటప్పుడు చెయ్యి ఎంతసేపట్లో పైకి వెళ్ళింది, ఎంతసేపు అక్కడే ఉంది, ఎంతసేపట్లో దిగింది, మూడు అంకెలు రాసుకో. సరిపోతుంది. బొమ్మ గీయకపోయినా పర్లేదు, పుల్లల్లాంటి గీతలు గీసినా పర్లేదు. మీలో ఎవరికైనా ఇంటి దగ్గర బుర్రకథో, ఒగ్గుకథో, పద్యనాటకమో జరుగుతుంటే వెళ్ళి మొదటి నుంచి చివరిదాకా కూర్చోండి, మధ్యలో లేవకండి, విసుగొచ్చినా లేవకండి. ఎక్కడ విసుగొచ్చిందో, మళ్ళీ ఎక్కడ లేచి నిటారుగా కూర్చున్నారో రాసుకోండి, ఆ కాగితం నాకు మీ డ్రాయింగ్ కంటే ఎక్కువ పనికొస్తుంది.

రేపు పదింటికి మొదటి క్లాసు. లాప్‌టాప్‌లు వద్దు. ఒక నోట్‌బుక్, పెన్సిలు, సెకన్ల ముల్లు ఉన్న వాచీ ఏదైనా ఉంటే అది తెచ్చుకోండి. వాచీ లేనివాళ్ళకి డిపార్ట్‌మెంట్‌లో స్టాప్‌వాచ్‌లు ఉన్నాయి, పేరు రాసి తీసుకోవచ్చు.